చలికాలంలో పిల్లలతో ఆరుబయట బొమ్మలు, రంగులు: దూది మంచు కాకుండా ఏం చేయిద్దాం?

హన్మకొండ అమ్మ | డిసెంబర్ 12, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా పాప రెండో తరగతి, బాబు ఎల్‌కేజీ. పాప బడి నుంచి "వింటర్ ప్రాజెక్ట్" అని చీటీ వచ్చింది. నల్ల చార్టు మీద దూదితో మంచుమనిషిని అతికించి, థర్మకోల్ పూసలతో మంచు కురుస్తున్నట్టు చేసి తేవాలి. అది చేసి పంపిస్తాం, ఇబ్బంది లేదు. కానీ చేస్తున్నంతసేపూ పాప "మనకు మంచు ఎప్పుడు పడుతుంది" అని అడుగుతూనే ఉంది. కిటికీ బయట మాత్రం బంగారం లాంటి ఎండ, మూలన ఎండిన ఆకుల కుప్ప, పక్కింటి వాకిట్లో ముగ్గు. అవేవీ ప్రాజెక్టులో లేవు.

ఎండాకాలం పిల్లల్ని బయటికి పంపలేం, వానాకాలం బురద. బయట హాయిగా కూర్చోగలిగేది ఈ రెండు నెలలే కదా. సంక్రాంతి సెలవులు కూడా వస్తున్నాయి. మన చలికాలంలో, మన దగ్గర దొరికే వాటితో, బయట కూర్చుని పిల్లలు చేసే బొమ్మల పనులు చెప్పండి. మాకు డాబా ఉంది, ఇంటి ముందు కొంచెం జాగా ఉంది. ఆదివారం భద్రకాళి బండ్ దాకానో, పబ్లిక్ గార్డెన్ దాకానో తీసుకెళ్లగలను. క్రేయాన్లు, కలరింగ్ పుస్తకాలు ఇంట్లో బోలెడు ఉన్నాయి, వాటితో విసిగిపోయారు.

మట్టి సార్ | డిసెంబర్ 12, రాత్రి 10:25

మేడం, నేను ఆసిఫాబాద్ వైపు ప్రభుత్వ బడిలో చెప్తాను. మా దగ్గర చలి మీకంటే ఎక్కువ, పొద్దున పది డిగ్రీల లోపుకు పడిపోయే రోజులు ఉంటాయి. అందుకే ఈ రోజుల్లో డ్రాయింగ్ పీరియడ్ గదిలో పెట్టను. ఎండ పొడ పడే గోడ పక్కన కూర్చోబెడతాను. చేతులు వెచ్చగా ఉంటేనే పిల్లలు గీస్తారు.

మా పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైనది టేకు ఆకు ముఖాలు. ఈ కాలంలో టేకు ఆకు రాలుతుంది. ఒక్కో ఆకు పిల్లల ముఖం కంటే పెద్దది. ఎండుటాకును అలాగే వంచితే పెళపెళ విరిగిపోతుంది, కాబట్టి రాత్రి తడి గోనెసంచిలో చుట్టి పెట్టండి, పొద్దున మెత్తబడుతుంది. కళ్ల దగ్గర రెండు చిల్లులు, ముక్కు దగ్గర మడత, పక్కన మరో ఆకును చీపురు పుల్లతో కుట్టి చెవులు. విస్తరాకు కుట్టినట్టే. పైన సుద్దతో చుక్కలు, జాజుతో గీతలు. పులి, ఎలుగు, నెమలి అన్నీ వస్తాయి. లేత టేకు చిగురు ఎక్కడైనా దొరికితే పిల్లల చేతికిచ్చి నలపమనండి, వేళ్లు ఎర్రబడతాయి. ఆ ఎరుపుతోనే కాగితం మీద వేలిముద్రలు వేస్తే గీత గీయకుండానే బొమ్మ అవుతుంది.

ఒక్క మాట. మా వైపు గోండు గూడేల్లో దీపావళికి గుస్సాడీ నాట్యం ఆడతారు, నెమలి ఈకల టోపీ పెట్టుకుంటారు. మర్లవాయికి చెందిన గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. పట్నం బడుల్లో ఆ టోపీని కాగితంతో చేయించి డాన్స్ ప్రోగ్రాంలో పెట్టేస్తుంటారు. అది వాళ్లకు దేవుడి వస్తువు. పిల్లలతో దాని బొమ్మ గీయించండి, కథ చెప్పండి, అంతవరకే. ఆకు ముఖాలకు ఏ అడ్డూ లేదు, ఎన్నయినా చేసుకోవచ్చు.

జనగామ అమ్మమ్మ | డిసెంబర్ 13, ఉదయం 6:05

బిడ్డా, ధనుర్మాసం ఇంకో మూడు నాలుగు రోజుల్లో మొదలైతది. నెల రోజులు మన ఆడోళ్లందరం వాకిట్లనే బొమ్మలు గీస్తం. పిల్లలకు అంతకంటే పెద్ద పలక ఏడుంటది? మీ పిల్లను సాన్పి చల్లినంక వాకిట్లకు తోలుకరా.

చిన్నపిల్లలకు ఒక్కసారే పెద్ద ముగ్గు ఇయ్యొద్దు. ముందు పిండి వదులుడు నేర్పాలె. బొటనవేలు, చూపుడువేలు నడుమ పట్టి, చెయ్యి కదులుతుంటె పిండి జారాలె. పిల్లలు చెయ్యి ఆపి పిండి వదులుతరు, అందుకే ముద్దలు ముద్దలు పడ్తది. "చెయ్యి ఆగొద్దు, ఆగితె పిండి కూడ ఆగాలె" అని నేను మా మనుమరాలికి చెప్త. నాలుగేండ్ల పిలగానికైతే చుక్కలు పెట్టుడే పని. వాడు చుక్క పెడ్తె, అక్క కలుపుతది.

మొదలు 5 చుక్కలు, సందు చుక్క, 3 వరకు. నడుమ వరుసల 5, ఇటు 4, 3, అటు 4, 3. మొత్తం 19 చుక్కలు. దాన్ల ఆరు రేకుల పువ్వు సక్కగ కుదురుతది. అది వచ్చినంక 7 నుంచి 4 వరకు పొండి, 37 చుక్కలైతయి. మెలికల ముగ్గు ఇప్పుడే వద్దు, గీత ఏడ మొదలైందో పిల్లలకు దొరకదు, ఏడుస్తరు.

సంకురాత్రి మూడొద్దులు గొబ్బెమ్మలు చేయించు. పెండ ముద్దల మీద గరిక, పిండికూర, బంతిపూలు, రేగుపండ్లు, చెరుకు ముక్కలు. ఎవలి గొబ్బెమ్మకు వాళ్లే సోకు చేసుకోవాలె. మనం చేతులు పెట్టొద్దు.

కాజీపేట నాన్న | డిసెంబర్ 13, ఉదయం 8:50

అమ్మమ్మా, మా ఇంట్లో ఇద్దరూ మగపిల్లలే. పెద్దోణ్ని ముగ్గు వేయమంటే వాడి దోస్తులు ఏడిపిస్తారని రాడు. వాళ్ల నాయనమ్మ కూడా "మగపిలగానికి ముగ్గేంది" అంటుంది. ఇంకో సంగతి, దూది మంచుమనిషిని మరీ తీసిపారేయకండి. పిల్లలు కార్టూన్లలో రోజూ చూస్తారు, చేయాలని ఉంటుంది. మన పిల్లలకు ఏనుగు బొమ్మ గీయడానికి ఏనుగు ఇంటి ముందు ఉండాలా?

జనగామ అమ్మమ్మ | డిసెంబర్ 13, ఉదయం 9:15

కొడుకా, పెండ్లి పందిట్ల ముగ్గులేసే మగోళ్లు లేరా? బోనం కుండకు బొట్లు పెట్టే కుమ్మరాయన మగోడు కాదా? నువ్వే ఒకనాడు పొద్దుగాల పిండి పట్టుకొని కూసో. నాయిన గీస్తుంటె కొడుకు రాడా?

హన్మకొండ అమ్మ | డిసెంబర్ 13, ఉదయం 9:30

అన్నా, మంచుమనిషి మీద నాకు కోపం లేదు. పిల్లలు చూడనిది కూడా ఊహించాలి, ఒప్పుకుంటాను. కానీ చలికాలం అంటే అదొక్కటే అని నేర్చుకుంటున్నారు. నా బాధ అక్కడ.

ఓరుగల్లు నుంచి ఒట్టావా | డిసెంబర్ 13, ఉదయం 10:10

మట్టెవాడలో పుట్టి పెరిగి ఇప్పుడు కెనడాలో ఉన్నాం. మంచు ఉన్న ఊరి నుంచి నా మాట. ఇక్కడ జనవరి రాత్రుల్లో మైనస్ 15 మామూలే. ఇక్కడి బడుల్లోనూ దూదితో మంచుమనిషిని చేయిస్తారు, కానీ అసలు పని బయటే.

మా పిల్లలు చేసేవి చెప్తాను, మీకు పనికొచ్చేది ఏరుకోండి. స్ప్రే సీసాల్లో నీళ్లు పోసి వంటల్లో వాడే రంగు కలిపి, పెరట్లో మంచు మీద బొమ్మలు వేస్తారు. మంచే కాన్వాసు. ఇంకొకటి మంచు లాంతరు. బకెట్ నిండా నీళ్లు పోసి రాత్రి బయట పెడతాం. నీళ్లు అంచుల నుంచి, పై నుంచి గడ్డకడుతూ వస్తాయి, నడుమ ఇంకా నీళ్లే ఉంటాయి. పొద్దున బోర్లించి ఆ నీళ్లు వంచేస్తే గిన్నెలాంటి గడ్డ మిగులుతుంది. లోపల దీపం పెడితే గడ్డంతా వెలుగుతుంది. మా ఊళ్లో 1979 నుంచి వింటర్‌లూడ్ అనే చలికాలపు పండుగ చేస్తున్నారు. పెద్ద పెద్ద మంచుగడ్డలను ఉలితో, రంపంతో చెక్కుతారు, పిల్లలను తీసుకెళ్లి చూపిస్తాం.

మరీ చలి ఎక్కువైతే మంచు పొడిపొడిగా ఉండి ముద్ద కట్టదు. సున్నా దగ్గర ఉన్నప్పుడే మంచుమనిషి నిలబడతాడు. అంటే ఇక్కడ కూడా ఆ రోజు ఆకాశం ఏమిచ్చిందో చూసుకునే పిల్లలు పని ఎంచుకుంటారు. మీకు ఎండ ఇచ్చింది, పొడి మట్టి ఇచ్చింది, బంతిపూలు ఇచ్చింది. నాకైతే మీ మీద అసూయగా ఉంది.

మీ దగ్గర ఫ్రిజ్‌లో చేసుకోగలిగేది ఒకటుంది. స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి బంతి రేకులు, చామంతులు, వేపాకు పరిచి, రెండు కొసలూ నీళ్లలో మునిగేలా ఒక దారం పెట్టి డీప్ ఫ్రీజర్లో రాత్రంతా ఉంచండి. పొద్దున ఎండ వచ్చే కొమ్మకు వేలాడదీయండి. కరిగేదాకా పిల్లలు దాని కిందే ఉంటారు.

రంగుల టీచరమ్మ | డిసెంబర్ 13, మధ్యాహ్నం 1:20

సిద్దిపేట నుంచి. పిల్లలకు బొమ్మలు నేర్పుతాను. ఎండ గురించి ఒట్టావా తమ్ముడు అన్నది నిజం. మన చలికాలపు ఎండను రంగుగానే వాడుకోవచ్చు. పసుపుతో ఎండ ముద్రలు అని మా పిల్లలు పేరు పెట్టుకున్నారు. వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మధ్యలో ఒక్క మెట్టు వదిలినా రాదు.

రెండు చెంచాల పసుపును అర గ్లాసు సర్జికల్ స్పిరిట్‌లో కలిపి కాసేపు వదిలేయండి. మడ్డి కిందికి దిగుతుంది, పైన తేరిన పసుప్పచ్చని నీరు కావాలి. దాన్ని మందపాటి తెల్ల డ్రాయింగ్ కాగితం మీద కుంచెతో సమంగా పూయండి. ఇది మాత్రం నీడలో చేయాలి. ఆరాక మళ్లీ ఒక పూత. పూర్తిగా ఆరిన తర్వాత దాని మీద ఆకు పెట్టండి. చింతాకు రెమ్మ, బొప్పాయి ఆకు, ఫెర్న్ ఉంటే ఇంకా బాగుంటుంది, అంచు ఎంత నగిషీగా ఉంటే ముద్ర అంత అందం. పైన పాత ఫొటో ఫ్రేము అద్దం పెట్టి నొక్కి, డాబా మీద ఎండలో రెండు మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఎండ తగిలిన చోట పసుపు వెలిసిపోతుంది, ఆకు కింద నిలుస్తుంది. ఆకు తీసేస్తే పాలిపోయిన కాగితం మీద పచ్చని ఆకు.

పిల్లలు కేకలు పెట్టేది ఆ తర్వాత. వంట సోడా కలిపిన నీళ్లను మెల్లగా పూయండి. పచ్చని ఆకు చూస్తుండగానే ఎర్రగా, ఇటుక రంగులోకి తిరుగుతుంది. హారతి పళ్లెంలో పసుపు, సున్నం కలిస్తే ఎర్రనీళ్లు ఎందుకవుతాయో అప్పుడు చెప్పండి. పసుపులోని రంగు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. సున్నం పిల్లల చేతికి ఇవ్వకండి, చేతులు, కళ్లు మండుతాయి, సోడా చాలు. స్పిరిట్ పెద్దవాళ్లే కలపాలి, చలిమంట దరిదాపుల్లో వద్దు.

శంఖుపుష్పాలు దొరికితే అది ఇంకో మాయ. వేడినీళ్లలో వేస్తే నీలం దిగుతుంది. నిమ్మరసం చుక్క పడితే ఊదా, గులాబీ. సోడా పడితే ఆకుపచ్చ వైపు. ఒకే పువ్వు నుంచి మూడు రంగులు, షాపుకు వెళ్లే పని లేదు.

చేర్యాల ముసుగుల సంగతి కూడా చెప్పాలి. చేర్యాల 2016 దాకా మీ వరంగల్ జిల్లాలోనే ఉండేది. అక్కడ బొమ్మలు, ముసుగులు చేసే నకాషీ వాళ్లు చింతగింజలను నానబెట్టి, రుబ్బి, ఉడికించి బంక చేస్తారు. రంపపు పొట్టును ఆ బంకతో కలిపి కొబ్బరి చిప్ప మీద ముఖం దిద్దుతారు. ఎండలో ఆరబెట్టి, తెల్ల సుద్ద పూసి, ఆపైన రంగులు. పిల్లలకు చిన్న కొబ్బరి చిప్ప ఇచ్చి ముక్కు, మీసం, పెదాలు మాత్రం పొట్టు ముద్దతో పెట్టమనండి. వానాకాలం అయితే బూజు పడుతుంది, ఎండాకాలం పగిలిపోతుంది. ఈ ఎండలో నిదానంగా ఆరుతుంది, అందుకే దీనికి ఇదే అదను. పొట్టు ఏ కర్రల మిల్లులో అడిగినా ఇస్తారు.

నర్సక్క | డిసెంబర్ 13, సాయంత్రం 4:45

మధ్యలో వస్తున్నా, కొన్ని మాటలు తప్పనిసరి. ఆస్తమా ఉన్న పిల్లల్ని తెల్లారకముందే వాకిట్లోకి తేవద్దు, పొగమంచులో పొగ, దుమ్ము కిందనే నిలిచి ఉంటాయి. ఎండ బాగా వచ్చాక, ఎనిమిదిన్నర తొమ్మిది తర్వాత మంచిది. బజారు ముగ్గుపిండి, రంగు పొడులు బాగా సన్నగా ఉంటాయి. ఊదడం, విసరడం చేయనివ్వకండి, కళ్లు నలుపుకోనివ్వకండి. నాలుగేళ్ల లోపు వాళ్లకు బియ్యప్పిండి, పసుపు, కుంకుమపువ్వు కాకుండా ఇంకే రంగూ అక్కర్లేదు, ఎందుకంటే చెయ్యి నోట్లోకే పోతుంది. చీమలు వస్తాయని భయపడకండి, బియ్యప్పిండి ముగ్గు వేసేదే వాటి కోసం అని మన పెద్దలు చెప్పేవాళ్లు.

మట్టి పని తర్వాత చేతులు కడిగి కొబ్బరినూనె రాయండి. చలికి చర్మం పగిలి మండితే పిల్లలు మరునాడు మట్టి ముట్టరు.

రంగుల టీచరమ్మ | డిసెంబర్ 13, సాయంత్రం 5:10

నర్సక్కా, కుంకుమపువ్వు వాకిట్లో చల్లేంత చవక కాదు! ఎరుపు కావాలంటే బీట్‌రూట్ తురిమి రసం తీసి, బియ్యప్పిండిలో కలిపి నీడలో ఆరబెడితే మంచి గులాబీ రంగు వస్తుంది.

నర్సక్క | డిసెంబర్ 13, సాయంత్రం 5:20

అవును, బీట్‌రూటే బాగుంది. అదే రాసుకోండి అందరూ.

కంది చేను | డిసెంబర్ 13, రాత్రి 8:30

మాది హుజూరాబాద్ దగ్గర ఊరు. వ్యవసాయం. మీరందరు సదువుకున్నోళ్లు మస్తు మంచిగ చెప్పిండ్రు. నేను రెండు చెప్త.

పొద్దుగాల సలిమంట కాడ మా పోరగాండ్లు కూసుంటరు కదా, వాళ్లకు బొగ్గు పెన్సిళ్లు చేసిస్త. పత్తికట్టె చేన్ల ఎంతన్న ఉంటది. బెత్తెడు బెత్తెడు ముక్కలు ఇరిచి, తొక్క గీకి, ఎండినయే ఏరాలె. మూతున్న రేకు డబ్బాల సందు లేకుంట నిలువుగ పేర్చి, మూతకు మేకుతోని ఒక బెజ్జం పెట్టి, మంటల నడుమ పెట్టాలె. బెజ్జంల నుంచి ముందు తెల్లపొగ వస్తది. పొగ మొత్తం ఆగినంక డబ్బ తీసి పక్కన పెట్టాలె, కానీ మూత తియ్యద్దు. చల్లారకముందు మూత తీస్తె గాలి తగిలి లోపలి కట్టె అంటుకొని బూడిదైతది. పూర్తిగ సల్లబడ్డంక తీస్తె కట్టె కట్టె లెక్కనే ఉంటది గానీ నల్లగ, తేలికగ, గీస్తె మెత్తగ నడుస్తది. పాత సిమెంటు సంచి లోపలి కాయితం మీద మా బిడ్డ దీంతోని ఎడ్లను గీస్తది, వేలుతోని రుద్ది నీడలు పెడ్తది. మంట కాడ పెద్దోళ్లుండాలె, అది చెప్పనక్కర్లేదు.

రెండోది, పిట్టల కోసం వరి కుచ్చు. కోతలప్పుడు మంచి గొలుసులు, అంటె వరి కంకులు, పొడుగు కాడతోని కోసి పక్కకు పెడ్తం. కాడలు తడిపి, మూడు మూడు తీసుకొని జడ అల్లినట్టు అల్లుకుంట పోవాలె, ప్రతి మలుపుకు ఒక కొత్త గొలుసు కలపాలె. గింజలన్ని కిందికి వేలాడాలె. పైన ఉరి వేసి అర్ర ముంగట కట్టాలె. పిచ్చుకలు వచ్చి తింటయి. మిషన్ కోతల నుంచి ఇది తక్కువైంది, మిషన్ గడ్డి ముక్కలు ముక్కలు చేస్తది కదా. ఇంకా కొడవలి పెట్టి కోసేటోళ్ల దగ్గర అడగాలె. మా నాయినకు తొంభై చుట్ల కుచ్చు అల్లుడొస్తది, నాకు చిన్నదే వస్తది.

పతంగుల పోచమ్మమైదాన్ | డిసెంబర్ 14, ఉదయం 11:00

జనవరి అంటే పతంగి. కొనడం కాదు, చేయించండి. పల్చటి రంగు కాయితం నలుచదరంగా కోసి, నిలువు పుల్ల నిటారుగా, అడ్డం పుల్ల విల్లులా వంచి అతకాలి. కొబ్బరి ఈనె అయితే సన్నగా గీకి రెండు వైపులా బరువు సమం చేయాలి. వేలి మీద పెట్టి చూస్తే ఎటూ ఒరగకూడదు. అతకడానికి ఉడికించిన మైదా లేదా అన్నం మెతుకులు. చిన్నపిల్లల పతంగికి తోక పెట్టండి, తోక ఉంటే గాలికి గిరగిరా తిరగదు. బొమ్మ వేసేది పతంగి కట్టకముందే, పల్చని రంగుతో. క్రేయాన్ మైనం గట్టిగా పూస్తే బరువెక్కి లేవదు.

దారం నూలుదే కొనండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా దొరుకుతూనే ఉంది. దాంతో పక్షుల రెక్కలు, బండ్ల మీద పోయేవాళ్ల మెడలు తెగుతున్నాయి. పిల్లాడు ఏడ్చినా సరే, ఆ చరఖా ఇంటికి రానివ్వకండి. కరెంటు తీగలున్న గల్లీలో వద్దు, మైదానానికి తీసుకెళ్లండి.

ఖిలా పక్కింటోడు | డిసెంబర్ 14, మధ్యాహ్నం 3:15

మేడం, భద్రకాళి బండ్ కన్నా ముందు ఖిలా వరంగల్ కు రండి. శిథిలమైన స్వయంభూ గుడి చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. ఈ కాలంలో ఉదయం ఎండ ఏటవాలుగా పడి చెక్కడంలో ప్రతి గీతా కనిపిస్తుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వస్తే అదే రాయి చదునుగా ఉంటుంది.

పిల్లలకు తోరణం మొత్తం గీయమని చెప్తే బెదిరిపోతారు. కాగితాన్ని నిలువుగా సగానికి మడిచి, ఒక సగంలో ఒక స్తంభం, దాని మీద అడ్డదూలంలో సగం, పైన ఒక హంస గీయమనండి. బొగ్గుతో గీస్తే మడిచి రుద్దగానే రెండో సగం దానంతటదే దిగుతుంది. కంది చేను అన్న చెప్పిన బొగ్గు ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఇదే తోరణమని చెప్తే పిల్లలకు ఇంకా హుషారు.

కాగితం రాయి మీద పెట్టి రుద్ది అచ్చు తీయడం మాత్రం చేయించకండి. అవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్న రాళ్లు. సుద్ద, బొగ్గు, చేతి చెమట అన్నీ వాటికి హాని. దూరంగా గడ్డిలో కూర్చుని గీయాలి. అచ్చు సరదా తీరాలంటే ఇంటి దగ్గర రావిచెట్టు బెరడు ఉంది, నాపరాయి ఉంది.

కాజీపేట నాన్న | డిసెంబర్ 14, సాయంత్రం 6:30

అడగాల్సింది ఒకటుంది. ఈ ముగ్గుల పోటీలు, పతంగుల పోటీలు పెడుతుంటారు కదా, పిల్లల్ని పంపాలా? మా కాలనీలో ప్రైజులన్నీ తల్లులు వేసిన ముగ్గులకే వస్తాయి, పిల్లలు పక్కన రంగు డబ్బా పట్టుకుని నిలబడతారు.

రంగుల టీచరమ్మ | డిసెంబర్ 14, రాత్రి 7:05

నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. పదేళ్లలోపు పిల్లలకు బొమ్మల్లో పోటీ వద్దు. పోటీ అనగానే తల్లి చెయ్యి పిల్ల చెయ్యి మీదికి వస్తుంది. వంకర గీత ఉంటే దిద్దుతాం, ఎర్రచెట్టు వేస్తే పచ్చచెట్టు వేయిస్తాం. అప్పుడది మన బొమ్మ. ప్రైజులు ఇవ్వాలనుకుంటే వచ్చిన పిల్లలందరికీ తలా ఒక చెరుకు గడ ఇచ్చి పంపండి.

పతంగుల పోచమ్మమైదాన్ | డిసెంబర్ 14, రాత్రి 7:40

టీచరమ్మా, నేను ఒప్పుకోను. పోటీ ఉంటేనే పిలగాడు పుల్ల సమంగా గీకుతాడు. ఎగరని పతంగిని ఎంత మెచ్చుకున్నా వాడికి తెలుసు అది ఎగరలేదని.

మట్టి సార్ | డిసెంబర్ 14, రాత్రి 8:15

ఇద్దరూ చెప్పేది వేర్వేరు పనుల గురించి. పతంగికి గాలే పరీక్ష పెడుతుంది, జడ్జి అవసరం లేదు. ముగ్గుకు అలాంటి పరీక్ష లేదు, మనుషులే మార్కులు వేయాలి, అక్కడే గొడవ.

ఇంకో పని చెప్తాను, ఒట్టావా వారికి కూడా. డిసెంబర్ 21, 22 తేదీల్లో మన దగ్గర మధ్యాహ్నపు నీడ ఏడాదిలోకెల్లా పొడుగ్గా ఉంటుంది. డాబా మీద మీటరు కర్ర నిటారుగా నిలబెట్టి, పన్నెండు దాటి పది నిమిషాల వేళ నీడ చివర సుద్దతో గుర్తు పెట్టండి. వరంగల్ లో సుమారు 88 సెంటీమీటర్లు రావాలి. మే నెల నడిమిలో ఒకరోజు మధ్యాహ్నం అదే కర్రకు పక్కకు నీడే పడదు, సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు.

బొమ్మల సంగతి ఏంటంటే, ఈ పొడుగు నీడలతోనే బొమ్మలు గీయించవచ్చు. పొద్దున తొమ్మిదికి బాబును నిలబెట్టి అక్క వాడి నీడ చుట్టూ సుద్దతో గీయాలి. అదే చోట పదకొండుకు, ఒంటిగంటకు, మూడింటికి మళ్లీ. నాలుగు రంగుల సుద్దలు వాడితే ఒక్క పిల్లాడు నలుగురవుతాడు, పొట్టోడు, పొడుగోడు, పడమటి వైపు వంగినోడు, తూర్పు వైపు వంగినోడు. తర్వాత వాళ్లకు మీసాలు, కిరీటాలు, తోకలు పిల్లల ఇష్టం. ఆట బొమ్మల నీడలు, జల్లెడ నీడ, సైకిల్ చక్రం నీడ కూడా గీయొచ్చు. ఖర్చు సుద్దముక్కలే.

ఓరుగల్లు నుంచి ఒట్టావా | డిసెంబర్ 14, రాత్రి 9:00

సార్, మేం సిద్ధం. ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు కిందికే ఉంటాడు, నా లెక్కలో మీటరు కర్రకు రెండున్నర మీటర్ల నీడ పడాలి. మంచు మీద నీలంగా పడుతుంది. మా అమ్మాయి స్ప్రే సీసాతో దాని చుట్టూ గీస్తుంది. వరంగల్ లో మా అన్నయ్య పిల్లలు సుద్దతో గీస్తారు. రెండు ఫొటోలు పక్కపక్కన పెడదాం.

హన్మకొండ అమ్మ | డిసెంబర్ 22, సాయంత్రం 5:50

అందరికీ దండాలు. చేసినవి చెప్పాలి కదా.

నీడల బొమ్మలు మొదటి రోజే మొదలుపెట్టాం. మధ్యలో మబ్బు పట్టి ఒంటిగంట నీడ దొరకలేదు, పాప ఆ ఖాళీలో పిల్లిని గీసింది. ఇవాళ కర్ర నీడ టేపుతో కొలిస్తే 90 దగ్గర వచ్చింది, కర్ర కొంచెం వాలిందేమో. పసుపు ముద్రల్లో చింతరెమ్మది అద్భుతంగా వచ్చింది, ప్రతి చిన్న ఆకూ విడివిడిగా తెలుస్తోంది. బొప్పాయి ఆకు మందంగా ఉండి అద్దం ఆనక అంచు చెదిరింది. పాప దాన్ని ప్రాజెక్టు ఫైల్లో మంచుమనిషి పక్కనే పెట్టుకుని బడికి తీసుకెళ్లింది. వాళ్ల మేడం చూసి, జనవరిలో క్లాసంతటికీ చేయిద్దాం, ఎలా చేయాలో రాసివ్వమన్నారట. టీచరమ్మా, మీరు రాసింది అలాగే రాసిస్తాను, సరేనా?

ముగ్గు సంగతి. బాబు చుక్కలు పెట్టడం ఆపట్లేదు. గేటు దాటి రోడ్డు దాకా చుక్కలే.

రెండు సందేహాలు. పసుపు ముద్ర రోజురోజుకూ వెలిసిపోతోంది, నిలబెట్టడం ఎలా? వరి గొలుసులు వరంగల్ లో ఎక్కడ దొరుకుతాయి?

రంగుల టీచరమ్మ | డిసెంబర్ 22, సాయంత్రం 6:20

తప్పకుండా రాసివ్వండి. స్పిరిట్ పని మాత్రం టీచరే చేయాలని పైనే రాయండి. ముద్రను గోడకు తగిలించకండి, వెలుతురు తగిలినంతసేపూ వెలుస్తూనే ఉంటుంది. పుస్తకం మధ్యలో పెట్టి ఉంచండి, లేదా వచ్చిన రోజే ఫొటో తీసి పెట్టుకోండి.

కాజీపేట నాన్న | డిసెంబర్ 22, రాత్రి 7:00

అమ్మమ్మా, మీరు చెప్పినట్టు నేనే కూర్చున్నాను. మావాడు వచ్చి "డాడీ, నీ గీత ముద్దలు పడుతోంది" అని పిండి గుంజుకున్నాడు. ఇప్పుడు 19 చుక్కలది వాడికి వచ్చేసింది, 37ది అడుగుతున్నాడు. అందులో ఏ పువ్వు వేయించాలి?

జనగామ అమ్మమ్మ | డిసెంబర్ 22, రాత్రి 7:25

నడుమ చుక్క చుట్టు ఆరు చుక్కలుంటయి సూడు, ముందు వాటిని కలిపి నడుమ పువ్వు. బయటి ఆరు మూలల కాడ ఆరు తామర మొగ్గలు. మిగిలిన చుక్కలను ఏం చేయాలనేది పిలగాన్నే అడుగు.

కంది చేను | డిసెంబర్ 22, రాత్రి 8:10

హన్మకొండ అక్కా, గొలుసుల కోసం వెతకకుండ్రి. మా దగ్గర కొడవలితోని కోసిన కట్టలు ఇంకా ఉన్నయి. సంక్రాంతికి ముందు వారం ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే మా ఊరి బండి ఉన్నదంటె దాన్ల పంపుత. ఇక్కడ ఎవలెవలికి ఎన్ని కట్టలు కావాలనో రాయుండ్రి. కాడలు విరగకుంట తడిగుడ్డల చుట్టి తేవాలె, అందుకే ముందే చెప్పాలె.

మట్టి సార్ | డిసెంబర్ 22, రాత్రి 8:30

మా బడికి రెండు కట్టలు, తమ్ముడూ. నేను వచ్చి తీసుకుంటాను.

ఖిలా పక్కింటోడు | డిసెంబర్ 22, రాత్రి 8:45

నాకు ఒకటి.